సెరోవే పట్టణం కాదు, ఊరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బోట్స్వానా గురించి వచ్చిన వ్యాసంలో సెరోవేను రెండు చోట్ల ‘పట్టణం’ అన్నారు. అదే పేజీలో ఫొటో కింద మాత్రం ‘ఆదిమ గుడిసెలు’ అని రాశారు. అక్కడ అయిదేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ని కనుక ఈ రెండు మాటలూ నాకు గుచ్చుకున్నాయి. 2011 జనాభా లెక్కల నాటికే 50,000 దాటిన చోటును పట్టణమంటే తప్పేమిటని పాఠకులకు అనిపించవచ్చు. అక్కడి గణాంకాల శాఖ కూడా ఇలాంటివాటికి ‘అర్బన్ విలేజ్’ అని ఎటూ తేల్చని పేరొకటి పెట్టింది. అయినా సెరోవే వాళ్లు తమది ‘మోట్సే’, అంటే ఊరు అనే అంటారు. ‘టొరోపో’ అంటే, అంటే పట్టణమంటే, వాళ్లకు గాబొరోనే, ఫ్రాన్సిస్‌టౌన్ వంటివి.

ఈ తేడా నేల దగ్గర మొదలవుతుంది. సెరోవే నేల తెగ ఉమ్మడి ఆస్తి. దాన్ని పంచే అధికారం పూర్వం తెగ పెద్ద అయిన ‘కోసి’ది, 1968 నాటి చట్టంతో అది ల్యాండ్ బోర్డులకు మారింది. ఒక కుటుంబానికి ఊళ్లో ఇల్లు, ఊరికి దూరంగా ‘మసిమో’ అనే పొలం, అంతకంటే దూరంగా ‘మొరాకా’ అనే పశువుల మకాం ఉండటం పాత పద్ధతి. తొలకరి పడగానే వీధులు పలచబడేవి. నా తరగతిలోని పిల్లల్లో చాలామందికి సెలవులంటే మొరాకాకు వెళ్లి పశువులు కాయడమే. ఎవరికి ఎన్ని పశువులున్నాయని నేరుగా అడగడం మర్యాద కాదని నాకు తెలిసేసరికి ఒక విద్యార్థి తండ్రి ముఖం చిట్లించుకోవడం కూడా అయిపోయింది.

ఇంత పెద్ద ఊరు ఏ నదీతీరానా లేదు. కలహారి ఎడారి తూర్పు అంచున, ఎర్రటి నేల మీద, కొండల పాదాల దగ్గర పరుచుకుని ఉంది. నీరే దాని చరిత్రను నడిపించింది. సెరోవే తెగవారైన బాంగ్వాటోల రాజధాని మొదట షోషోంగ్‌లో ఉండేది. వాళ్ల కోసి మూడవ ఖామా 1889లో దాన్ని పాత పలాప్యేకు, అక్కడా నీళ్లు చాలక 1902లో సెరోవేకు మార్చాడు. రాజధాని కదిలిందంటే వేలమంది జనం, పశువులతో సహా కదిలారన్నమాట. ఆ దేశపు నాణేనికి వాన అనే అర్థం వచ్చే ‘పులా’ పేరు ఊరికే పెట్టలేదు. ఖామా సమాధి, ఊరి సభాస్థలమైన ‘ఖోట్లా’కు పైన ఉన్న థథగన్యానా కొండ మీద ఉంది. దాని పైన బాంగ్వాటోల కులచిహ్నమైన డ్యూకర్ అనే చిన్న జింక కంచు విగ్రహం కనిపిస్తుంది.

ఇక ఖోట్లా. వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు, నా అసలు బాధ అదే. కొయ్య దుంగల దడి అర్ధచంద్రాకారంలో కట్టిన ఈ ఆవరణలోనే ఊరి పంచాయితీ, న్యాయం, సంప్రదింపు అన్నీ జరుగుతాయి. ఖోట్లాలో పలికిన మాట ఏదైనా మంచిదే అని అక్కడి సామెత, అంటే ఎవరి మాటకైనా చోటుంది. ఒకప్పుడు ఆ ‘ఎవరి’లో స్త్రీలు ఉండేవారు కాదు. నేనున్న రోజుల్లో వాళ్లూ లేచి మాట్లాడేవారు. కానీ ప్యాంటుతో వచ్చిన ఒక యువ ఉపాధ్యాయినిని దడి దగ్గరే ఆపి, పక్కింటావిడ శాలువా తెచ్చి నడుముకు చుట్టేదాకా లోపలికి రానివ్వలేదు.

మూడవ ఖామా మనవడు, కోసి పదవికి వారసుడు అయిన సెరెట్సే ఖామా 1948లో లండన్‌లో రూత్ విలియమ్స్ అనే తెల్లజాతి ఇంగ్లీషు యువతిని పెళ్లాడినప్పుడు ఆ గొడవ తేలింది ఈ ఆవరణలోనే. పినతండ్రి షెకెడీ తీవ్రంగా వ్యతిరేకించినా, మూడు దఫాల సుదీర్ఘ చర్చల తరువాత 1949 జూన్‌లో జనం సెరెట్సే పక్షాన నిలిచారు. ఆ మాటను కాదని, వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికా ఒత్తిడికి లొంగి, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న బ్రిటన్ అతన్ని దేశానికి దూరంగా ఉంచింది. 1950 మార్చిలో ఆ నిర్ణయం ప్రకటించడానికి బ్రిటిష్ హైకమిషనర్ సర్ ఎవెలిన్ బేరింగ్ లాంఛనంగా సెరోవేకు వస్తే ఖోట్లా ఖాళీగా ఉంది. వేలమంది పట్టే చోట మనిషన్నవాడు రాలేదు. జనం పోటెత్తిన సభల గురించి చాలా చదివాను గాని, రాకపోవడమే జవాబైన సభ నాకు ఇదొక్కటే తెలుసు. అయితే అంతా ఇంత శాంతంగా సాగలేదు. 1952లో అక్కడే అల్లర్లు చెలరేగి పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సెరెట్సే 1956లో తిరిగి వచ్చాడు, 1966లో స్వతంత్ర బోట్స్వానాకు తొలి అధ్యక్షుడయ్యాడు.

దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన విద్యావేత్త ప్యాట్రిక్ వాన్ రెన్స్‌బర్గ్ 1963లో సెరోవేలో స్థాపించిన స్వనెంగ్ హిల్ స్కూలు, ఆ తరువాత పనిచేస్తూ పని నేర్చుకునే పద్ధతిలో వచ్చిన ‘బ్రిగేడ్లు’ ఒక పూర్తి వ్యాసానికి సరిపడా విషయం. మీరు రాయిస్తే చదవాలని ఉంది.

ఫొటోలోని ఆ ‘గుడిసె’ గురించి ఒక మాట. ముందు పొట్టి మట్టిగోడ చుట్టి కనిపించేది ‘లొల్వాపా’, అంటే ఇంటి ముంగిలి. మట్టీ పేడా కలిపి అలికి, తడి ఆరకముందే ఆడవాళ్లు వేళ్లతో గీతలు దిద్దుతారు. ఇంట్లో ఎవరైనా పోతే వారం పాటు ప్రతి సాయంత్రం ఊరు ప్రార్థనకు చేరేది ఆ ముంగిలికే. అంత్యక్రియలు శనివారం తెల్లవారుజామున. శుక్రవారం రాత్రంతా మగవాళ్లు మూడు కాళ్ల ఇనుప కుండల్లో మాంసం ఉడికించి, దంచి ‘సెస్వా’ చేస్తారు. నాతో పనిచేసిన ఒక మాస్టారి తల్లి పోయినప్పుడు నా చేతికీ ఒక రోకలి ఇచ్చారు. పరాయివాణ్నని ఎవరూ అనలేదు, సరిగ్గా దంచడం లేదని మాత్రం ఇద్దరు ముసలివాళ్లు కసిరారు.

కాబట్టి వచ్చే సంచికలో ‘పట్టణం’ అన్నచోట ‘ఊరు’ అనీ, ‘ఆదిమ గుడిసెలు’ అన్నచోట ‘ఇళ్లు’ అనీ సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు