ఏప్రిల్‌లో పొలం గడ్డి కోయించకండి

సంపాదకులకు నమస్కారం.

ఆస్టిన్, డాలస్ చుట్టుపక్కల పొలాలు కొంటున్న తెలుగువాళ్ళకు మీ పత్రిక ద్వారా ఒక మాట చేరాలి. పొలం చేతికి రాగానే బ్రష్‌హాగ్ (ట్రాక్టర్ వెనక కట్టే గడ్డికోత యంత్రం) పెట్టి గడ్డంతా నున్నగా కోయించే పని వసంతంలో మాత్రం వద్దు. అడవి టర్కీలు గుడ్లు పెట్టేది అప్పుడే, ఆ గడ్డిలోనే.

పెట్ట మోకాలెత్తు గడ్డిలోనో పొద మొదట్లోనో నేలమీదే గూడు చేసుకుంటుంది. రోజుకొకటి చొప్పున 10, 12 గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. పిల్లలు కొమ్మ మీదికి ఎగరగలగడానికి ఇంకో రెండు వారాలు. అంటే ఎనిమిది వారాలు ఆ నేల జోలికి వెళ్ళకూడదు. మొదటి గూడు పోతే మళ్ళీ పెడుతుంది గనుక జూలై నడిమి దాకా ఆగాలి. పొదుగులో ఉన్న పెట్ట ట్రాక్టర్ మీదికొచ్చేదాకా లేవదు. గుడ్లతో పాటు అదీ పోతుంది.

పక్షులు తగ్గితే వేటగాళ్ళను అనేస్తాం. వేటకు హద్దులున్నాయి, అవీ నేలను బట్టే. ఆస్టిన్‌కు పడమటి కొండప్రాంతం హిల్ కంట్రీ లాంటి చోట్ల రియో గ్రాండ్ రకం టర్కీలు బాగానే ఉన్నాయి కాబట్టి ఒక లైసెన్సుకు ఏడాదికి నాలుగు దాకా ఒప్పుకుంటారు. తూర్పు టెక్సాస్ పైన్ అడవుల్లో ఒకప్పుడు కలప నరుకుడు, విచ్చలవిడి వేట కలిసి ఈస్టర్న్ అనే ఇంకో రకం టర్కీని దాదాపు తుడిచిపెట్టాయి. తర్వాత వేరే రాష్ట్రాల్లో పట్టి తెచ్చి వదిలారు. అక్కడ ఏడాదికి ఒక్క పుంజే. సీజన్ ఏప్రిల్ 22న గాని తెరవరు, కొట్టిన 24 గంటల్లో రిపోర్టు చేయాలి, మొక్కజొన్న చల్లి కాల్చడం నేరం.

పొలం పనులూ అంతే, ఒకచోటి పద్ధతి ఇంకోచోట చెల్లదు. హిల్ కంట్రీలో వాగు ఒడ్డున ఉన్న ఎత్తయిన పెకాన్, లైవ్ ఓక్ చెట్లను ముట్టుకోకండి, రాత్రిళ్ళు టర్కీలు నిద్రపోయేది వాటిమీదే. తూర్పున బాధ వేరు. యోపాన్ పొదలు కమ్మేసి కింద గడ్డే మొలవదు. రెండు మూడేళ్ళకోసారి చలికాలంలో, అనుభవం ఉన్నవాళ్ళ చేత, అదుపులో మంట పెట్టించాలి. గడ్డి వస్తేనే పురుగులు, పురుగులుంటేనే పిల్లలకు తిండి.

నాటుకోళ్ళు పెంచేవాళ్ళు వాటిని పొలమంతా వదలకండి, వాటి ఎరువు చల్లకండి. కోళ్ళ పేగుల్లోని పురుగు ద్వారా బ్లాక్‌హెడ్ రోగం టర్కీలకు అంటుతుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు, టర్కీ చచ్చిపోతుంది. ఫారంలో పెంచిన టర్కీలను తెచ్చి వదలడం కూడా వద్దు.

గడ్డి కోయకపోతే పన్ను రాయితీ పోతుందన్న భయం చాలామందికి ఉంది. వ్యవసాయ రాయితీలో ఉన్న భూమిని వన్యప్రాణి నిర్వహణ కిందికి మార్చుకోవచ్చు, పన్ను పెరగదు. చట్టం చెప్పిన ఏడు పనుల్లో కనీసం మూడు ఏటా చేయాలి: నీటితొట్టి పెట్టడం, ఆవాసం బాగుచేయడం, పక్షుల లెక్క తీయడం లాంటివి. ప్రణాళికతో సహా దరఖాస్తు ఏప్రిల్ 30 లోగా కౌంటీ అప్రైజల్ ఆఫీసుకు చేరాలి.

— ఒక పాఠకుడు, టెక్సాస్