కిడ్నీ ఇస్తానన్న తల్లికి ఏం చెప్పాలి సార్?

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ గారికి,

నమస్కారం. నేను ఎంబీబీఎస్ ఫైనలియర్ విద్యార్థిని. పోయిన నెల డయాలసిస్ వార్డులో పరకాల వైపు నుంచి వచ్చిన ఒకమ్మ నన్ను పక్కకు పిలిచింది. వేళ్ల నిండా పత్తికాయ గీరిన గాట్లు. "బిడ్డా, నా కొడుక్కు కిడ్నీ ఇస్తే మళ్ల పత్తి ఏరుడు నాతోని అయితదా?" అనడిగింది.

1994 అవయవ మార్పిడి చట్టం, అందులో దగ్గరి బంధువులు ఎవరెవరో నాకు బట్టీయే. ఆమెతో మాత్రం "సార్‌ను అడుగుదాం అమ్మా" అన్నాను. సిగ్గేసింది.

ఆ రాత్రి హాస్టల్లో అడిగాను. అమ్మానాన్నలకు ఇస్తారా అంటే అన్ని చేతులూ లేచాయి. మేనమామకు ఇస్తారా అంటే సగం దిగాయి. మీ అమ్మే మీకిస్తానంటే? ఎవరూ మాట్లాడలేదు.

మాకు భయం ఆపరేషన్ గురించి కాదు, తర్వాతి సంగతి తెలియక. మిగిలిన కిడ్నీ చాలావరకు పని సర్దుకుంటుందని, అయినా బీపీ, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు జీవితాంతం చేయించుకోవాలని పుస్తకంలో ఉంది. అలా బతుకుతున్న దాతను మాలో ఒక్కరూ చూడలేదు. మన దేశంలో బతికుండగా ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లది ఇష్టమో, ఇంట్లో ఒత్తిడో కనుక్కోవడం కూడా మాకెవరూ నేర్పలేదు.

ఇంటర్న్‌షిప్‌లో రెండు రోజులైనా దాతల ఫాలోఅప్ ఓపీలో కూర్చోనివ్వండి సార్. ఆ అమ్మ వచ్చే మంగళవారం మళ్లీ వస్తానంది.

ఇట్లు,
వరంగల్ నుంచి ఒక వైద్య విద్యార్థిని