ఆవిష్కరణ సభల్లో రచయితను చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పుస్తకావిష్కరణ సభలకు జనం తగ్గిపోతున్నారని, కుర్రవాళ్ళు అసలు రావడం లేదని ఈమధ్య మీ పత్రికలోనూ మిగతా చోట్లా తరచుగా చదువుతున్నాను. చదివేవాళ్ళు లేకపోవడమే దీనికి కారణమంటే నేను ఒప్పుకోను. పుస్తకం కోసం మనుషులు ఎంత దూరమైనా వెళ్తారు, కాకపోతే వెళ్ళిన చోట వాళ్ళకి పుస్తకం వినపడాలి. మొన్న ఫిబ్రవరిలో ఒక మరాఠీ నవలా రచయిత్రి తన కొత్త నవల చదివి వినిపిస్తున్నారని తెలిసి మా ఆవిడా నేనూ హైదరాబాద్ నుంచి నాసిక్ వెళ్ళాం. అది జరిగింది ఒక వైనరీలో, అంటే ద్రాక్షతో వైన్ తయారుచేసే చోట.

వైనరీ అనగానే మా బంధువుల్లో కొందరికి నచ్చలేదు. మా ఇద్దరికీ తాగే అలవాటు లేదు, మేం వెళ్ళింది నవల కోసం. మా ఆవిడది బాసర దగ్గర పల్లెటూరు, ఆమెకు మరాఠీ తెలుగంత బాగా వచ్చు, నాకు ఆమె పక్కనుండి చెబితే అర్థమవుతుంది. సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నిజామాబాద్, బాసర, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా వెళ్ళి తెల్లారకముందే నాసిక్ రోడ్‌లో దింపుతుంది. బాసర దగ్గర రైలు దాటే గోదావరి మీదే నాసిక్ పైన గంగాపూర్ డ్యామ్ ఉంది, ఆ చుట్టుపక్కలంతా ద్రాక్ష తోటలు, వైనరీలు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ కోసం ప్రత్యేక విధానం తెచ్చాక ఇవి బాగా పెరిగాయట. జనవరి నుంచి మార్చి దాకా కోతలు కాబట్టి మేం వెళ్ళేసరికి ట్రాక్టర్లలో పళ్ళ బుట్టలు వస్తూనే ఉన్నాయి. ఎర్ర వైన్‌కి ఆ రంగు పండు తొక్క నుంచే వస్తుందని, అందుకే రసాన్ని తొక్కతో కలిపి పులియబెడతారని, తెల్లదానికి పళ్ళని ముందే పిండేసి రసం ఒక్కటే తీసుకుంటారని అక్కడి కుర్రాడు ఓపిగ్గా చూపించాడు.

అసలు సంగతి సాయంత్రం. తోట అంచున కుర్చీలు వేశారు, ముందు వరసల కోసం నేల మీద జంపఖానాలు పరిచారు. వేదిక లేదు, బ్యానర్ లేదు. కావలసినవాళ్ళు వైన్ కొనుక్కున్నారు, మాలాంటివాళ్ళకి టీ, ద్రాక్ష రసం ఉన్నాయి. రచయిత్రిని ఒకావిడ నాలుగు మాటల్లో పరిచయం చేసి కూర్చుంది. ఆ తర్వాత ముప్పావు గంట రచయిత్రి చదువుతూనే ఉన్నారు. ఆ నవల ఒక ద్రాక్ష రైతు కుటుంబం కథ. 2014లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహారాష్ట్రలో వడగళ్ళు పడి కోతకొచ్చిన తోటలు నాశనమయ్యాయి, ఆ మర్నాటి ఉదయం తండ్రి తోటలోకి వెళ్ళే అధ్యాయం ఆవిడ చదువుతుంటే నా పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఆ చుట్టుపక్కల రైతే.

చదవడం అయ్యాక ప్రశ్నలు. చివరి వరస నుంచి ఒక రైతు ఇల్లాలు లేచి, గుత్తులకి సైజు రావడానికి ఒక్కోదాన్నీ మందు నీళ్ళలో ముంచే పని మొత్తం ఆడకూలీలదే కదా, మీ నవలలో వాళ్ళెక్కడున్నారు అని నిలదీసింది. రచయిత్రి ఏమీ వాదించలేదు, పుస్తకం తిప్పి ఇంకో అధ్యాయం తీసి, ఆ కూలీలు తెల్లవారుజామున జీపులో కిక్కిరిసి తోటకొచ్చే నాలుగు పేజీలు అక్కడికక్కడే చదివారు. ఆ ఇల్లాలు విన్నంతసేపూ నిలబడే ఉంది. తర్వాత పుస్తకాలు పెట్టిన టేబుల్ దగ్గరికి ముందు వెళ్ళింది ఆవిడే.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఆరు గంటలకని పిలుస్తారు, ఏడింటికి మొదలవుతుంది. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు, ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరి ప్రసంగం. చాలామంది రచయితతో తమ పరిచయం గురించి మాట్లాడతారు, పుస్తకం లోపలికి వెళ్ళేది ఏ ఒకరో ఇద్దరో. తొమ్మిదింటికి, జనం బస్సు టైం చూసుకుంటూ లేస్తున్నప్పుడు, రచయిత స్పందన అని ఐదు నిమిషాలు ఇస్తారు. ఆ ఐదు నిమిషాలూ పాపం థ్యాంక్స్ చెప్పడానికే సరిపోతాయి. పెద్దల్ని గౌరవించవద్దని నేను అనను. తన డబ్బుతో పుస్తకం అచ్చేసుకుని, హాలు అద్దె కట్టుకుని, టిఫిన్లు పెట్టించి సభ చేసుకునే రచయిత మీద నాకు చాలా గౌరవం ఉంది, అందుకే ఆ సాయంత్రం ఆయన రాసింది ఒక్క వాక్యం కూడా ఎవరి చెవినా పడకపోతే బాధేస్తుంది.

కవుల సంగతి నయం. కవి సమ్మేళనంలో కవి చదువుతాడు, నాంపల్లి నుమాయిష్‌లో జరిగే ఉర్దూ కవుల ముషాయిరాలో అర్ధరాత్రి దాకా జనం కూర్చుని వింటారు. కథకీ నవలకే ఆ భాగ్యం లేదు. వచనం వింటే విసుగొస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. మా చిన్నప్పుడు రామాలయం అరుగు మీద ఒకరు భారతం చదివి అర్థం చెబుతుంటే ఊరంతా పనులు మానుకుని వినేది, అప్పుడు రాని విసుగు ఇప్పుడెందుకొస్తుంది? పైగా మన కథల్లో ఇప్పుడు పాలమూరు యాస, సీమ యాస, శ్రీకాకుళం యాస అన్నీ వస్తున్నాయి. వేరే ప్రాంతం వాళ్ళు కాగితం మీద తడబడతారు. అదే ఆ మట్టిలో పుట్టిన రచయిత నోట వింటే ఒక్క మాట కూడా అడ్డం రాదు. ఇంతకన్నా మంచి కారణం నాకు కనపడదు.

మనకి వైనరీలు కావాలని నేను అడగడం లేదు. హైదరాబాద్ చుట్టూ, శంషాబాద్, మేడ్చల్ వైపు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఉండేవి, భూగర్భ నీళ్ళు అడుగంటి, భూముల ధరలు పెరిగి అవి ప్లాట్లయిపోయాయి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది, కాపు టైంలో అక్కడ ఒక సాయంత్రం ఒక రైతు కథ చదివితే ఎంత బాగుంటుందో ఆలోచించండి. అది కుదరకపోతే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం గ్రంథాలయం ఉంది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ ఉంది, పోటీ పరీక్షల టెన్షన్‌తో పొద్దుగూకులూ అక్కడే ఉండే పిల్లలకి ఒక అరగంట మంచి కథ వింటే ప్రాణం తేలికపడుతుంది. ఎక్కడ పెట్టినా మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో పెట్టాలి. నాసిక్‌లో వైనరీ ఊరికి దూరమే, రాత్రి ఆటోలు దొరకవు, కానీ నిర్వాహకులు ఊళ్ళోంచి రానూపోనూ బస్సు పెట్టారు కాబట్టే ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు అంతమంది వచ్చారు. మన దగ్గర కార్లున్నవాళ్ళు మాత్రమే చేరగలిగే చోట్ల సభలు పెట్టి, ఎవరూ రాలేదంటే ఎలా?

మీ పత్రిక తరఫున చేయగలిగింది ఒకటుంది. రోజూ మీరు వేసే నగరంలోని కార్యక్రమాల వివరాల్లో అతిథుల పేర్లన్నీ వేస్తారు. వాటి పక్కన, రచయిత పుస్తకం చదువుతారా లేదా, చదివితే ఎన్ని గంటలకి అనే ఒక్క లైన్ కూడా వేయండి. ఆ లైన్ ఉన్న సభలకి మేమిద్దరం వెళ్తాం.

ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్