పాత స్పోర్ట్స్ కార్ల ఎమిషన్ టెస్టు: ఇకనుంచి మా షాపులో ఇలా

నమస్కారమండి. పాత పెర్ఫార్మెన్స్ కార్లు రాగానే టెస్టు మిషన్‌కి తగిలించేయడం ఈ నెల నుంచి మానేశాం. ముందు అయిదు నిమిషాలు మా స్కానర్ పెట్టి చూస్తాం. పాసయ్యే స్థితిలో లేకపోతే టెస్టు మొదలుపెట్టం, డబ్బూ తీసుకోం. ఇన్నాళ్లూ అలా చేయకపోవడం మా పొరపాటే. ఫెయిలైతే అదే స్టేషన్లో 15 రోజుల్లోపు ఒకసారి ఉచితంగా రీటెస్ట్ చేయించుకోవచ్చు. పాత బళ్లకి రిపేరు అయ్యి, కంప్యూటర్ మళ్లీ సిద్ధమయ్యేసరికే ఆ 15 రోజులు గడిచిపోతున్నాయి. అప్పుడు కస్టమర్ రెండోసారి 18.50 డాలర్లు కట్టాల్సి వస్తోంది.

"టెక్సస్‌లో ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కదండీ?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఎత్తేసింది సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఒక్కటే. 2023లో పాసైన హౌస్ బిల్ 3297 ప్రకారం 2025 జనవరి 1 నుంచి సొంత వాడకం కార్లకి అది లేదు. బదులుగా రిజిస్ట్రేషన్‌లోనే 7.50 డాలర్లు కలిపేస్తున్నారు. ఎమిషన్ టెస్టు మాత్రం కాలిన్, డెంటన్, డాలస్, టారంట్ సహా 17 కౌంటీల్లో యథాతథంగా ఉంది. శాన్ ఆంటోనియో ఉన్న బెక్సార్ కౌంటీకి 2026 నవంబర్ నుంచి వస్తుంది. రెండేళ్ల నుంచి 24 ఏళ్ల లోపు గ్యాసోలిన్ కార్లన్నిటికీ ఇది తప్పదు. అంటే 2026లో 2002 మోడల్ నుంచి పైకి. 2001 బీఎండబ్ల్యూ ఎం3 గానీ, 2001 హోండా ఎస్2000 గానీ ఉన్నవాళ్లకి టెస్టు గొడవ తీరిపోయినట్టే. దానికోసం యాంటిక్ ప్లేటు (పాతకాలం కార్లకిచ్చే ప్రత్యేక నంబరు ప్లేటు) తీసుకోనక్కర్లేదు. ఆ ప్లేటు తీసుకుంటే రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి కుదరదు కూడా.

ఈ టెస్టులో సైలెన్సర్ దగ్గర గొట్టం పెట్టి పొగ కొలవరు. డ్యాష్‌బోర్డు కింద ఉన్న 16 పిన్నుల పోర్టుకి కేబుల్ తగిలించి, కారు కంప్యూటర్‌నే అడుగుతారు. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందా, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరుతోందా, లోపల ఫాల్ట్ కోడ్లు ఉన్నాయా, మానిటర్లు పూర్తయ్యాయా అన్నవే చూస్తారు. మా దగ్గర పాత స్పోర్ట్స్ కార్లు ఎక్కువగా ఆగిపోయేది ఆఖరి దాని దగ్గరే.

మానిటర్ అంటే కంప్యూటర్ తనకి తాను పెట్టుకునే పరీక్ష. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ఒకటి, ఆక్సిజన్ సెన్సార్లకి ఒకటి, వాటి హీటర్లకి ఒకటి, ట్యాంకు ఆవిరి బయటకి పోకుండా పట్టే ఈవాప్ సిస్టమ్‌కి ఒకటి, కొన్ని బళ్లలో కాలిన పొగని కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌కి, చల్లటి ఇంజిన్ స్టార్టయ్యాక ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే సెకండరీ ఎయిర్‌కి. కోడ్ చెరిపేసినా, బ్యాటరీ టెర్మినల్ తీసినా ఇవన్నీ సున్నాకి వెళ్లిపోతాయి. 2001 నుంచి వచ్చిన మోడళ్లకి ఒక్క మానిటర్ మాత్రమే అసంపూర్తిగా ఉండొచ్చు. "రెండు పెండింగ్ ఉన్నా పర్లేదు" అని మీ ఫ్రెండు చెప్పిన మాట 1996–2000 కార్లది. ఆ కార్లిప్పుడు టెస్టుకే రావు.

అందుకే మళ్లీ మళ్లీ చెబుతున్నాం: ముందురోజు రాత్రి ఆటో పార్ట్స్ షాపులో కోడ్ చెరిపించుకుని రాకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఒక కోడ్ పోతుంది, దాంతోపాటు మానిటర్లన్నీ పోతాయి. వీకెండ్ కారు కదా అని నెల్లాళ్లు బ్యాటరీ తీసి ఉంచేవాళ్లకీ ఇదే జరుగుతుంది. టెర్మినల్ పీకడం బదులు బ్యాటరీ మెయింటెయినర్ పెట్టండి.

మానిటర్లు పూర్తి చేయడానికి బండిని ఒక పద్ధతిలో నడపాలి. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి వివరాలు మారతాయి. మొత్తమ్మీద తీరు మాత్రం ఇది. ట్యాంకు పావు నుంచి ముప్పావు మధ్య ఉంచి, రాత్రంతా బండిని కదపకండి. పొద్దున స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదలండి. తర్వాత హైవే మీద గంటకి 55 మైళ్ల దగ్గర అయిదారు నిమిషాలు యాక్సిలరేటర్ కదపకుండా వెళ్లి, గేరులోనే ఉంచి, బ్రేకూ క్లచ్చూ తొక్కకుండా 20 మైళ్ల దాకా దానంతట అది తగ్గనివ్వండి. మళ్లీ గట్టిగా తొక్కి 55కి తెచ్చి ఇంకోసారి అదే చేయండి. 121 హైవే మీద మామూలు వేళల్లో ఇలా చేస్తే వెనకవాళ్లు హారన్లతో చంపేస్తారు, వెనక ఎవరైనా ఉంటే ప్రమాదం కూడా. ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే చేయండి.

తెల్లవారుజామునే అనడానికి అసలు కారణం ఇంకోటుంది. స్టార్ట్ చేసేటప్పటికి ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉంటేనే ఈవాప్ మానిటర్ నడుస్తుంది. చాలా కార్లలో కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి దగ్గరదగ్గరగా ఉండాలి, రెండూ దాదాపు 95 ఫారెన్‌హీట్ లోపు ఉండాలి. జులై, ఆగస్టుల్లో మన ఊళ్లో మూసి ఉన్న గరాజ్ అర్ధరాత్రి కూడా అంతకంటే వేడిగా ఉంటుంది. వారం రోజులు తిప్పినా ఈవాప్ పూర్తి కాలేదంటే చాలాసార్లు బండిలో లోపమేమీ ఉండదు. రాత్రి డ్రైవ్‌వేలో పెట్టి అయిదింటికి స్టార్ట్ చేయండి. అప్పటికీ కాకపోతే, మిగతావన్నీ పూర్తయి ఉంటే, అనుమతించే ఆ ఒక్క మానిటర్‌గా ఈవాప్‌నే వదిలేసి టెస్టుకి రావచ్చు.

ఈవాప్ కోడే వచ్చిందనుకోండి. పి0455 అంటే పెద్ద లీకు. ముందు గ్యాస్ క్యాప్ తీసి దాని రబ్బరు రింగు మీద వేలు తిప్పి చూడండి. ఇరవై ఏళ్ల క్యాప్ అయితే సన్నటి పగుళ్లు గోటికి తగులుతాయి. పి0442 అంటే 0.040 అంగుళాల రంధ్రమంత లీకు, పి0456 అంటే 0.020 అంగుళాలు. అది కంటికి కనిపించేది కాదు, లోపలికి పొగ పంపి లీకు చూపే స్మోక్ మిషన్ పెట్టాల్సిందే. గ్యాస్ కొట్టించిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందని ముందు అనుమానిస్తాం. పంపు ఆగాక కూడా ఇంకో డాలరు కొట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి. ద్రవం వెళ్లి, ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా (చార్‌కోల్ క్యానిస్టర్) తడిసి పాడైపోతుంది.

ఇక పి0420. కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదని కంప్యూటర్ ఫిర్యాదు. ఈ కోడ్ చూసి నేరుగా కన్వర్టర్ మార్చం, మీరు అడిగినా మార్చం. మొదట కన్వర్టర్ వెనకున్న ఆక్సిజన్ సెన్సార్ గ్రాఫు చూస్తాం. ఇంజిన్ వేడెక్కి నిలకడగా నడుస్తున్నప్పుడు అది 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు గీత గీసినట్టుంటే కన్వర్టర్ బాగుంది. కన్వర్టర్ ముందున్న సెన్సార్‌తో పాటు ఇదీ కిందికీ పైకీ ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోయింది. తర్వాత ఎగ్జాస్ట్ లీకులు వెతుకుతాం. హెడర్ గ్యాస్కెట్ దగ్గర చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి లాగి సెన్సార్‌ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ తర్వాతే, కన్వర్టర్ ఎందుకు చచ్చిందని చూస్తాం. ఆయిల్ తాగే ఇంజిన్, మిస్‌ఫైర్ కొడుతున్న కాయిల్, గ్యాస్ మరీ ఎక్కువ పోసేలా మార్చిన ఇంజిన్ ప్రోగ్రామ్ (ట్యూన్), ఈ మూడింట్లో ఏదో ఒకటి సాధారణంగా దొరుకుతుంది. అది సరిచేయకుండా కొత్తది వేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

కన్వర్టర్ ధర దగ్గర మొహమాటం లేకుండా చెబుతున్నాం. చవకరకం ఆఫ్టర్‌మార్కెట్ కన్వర్టర్లలో ఖరీదైన లోహాలు తక్కువ వేస్తారు. వేసిన కొన్నాళ్లు కోడ్ రాదు, ఏడాదో రెండేళ్లో గడిచాక అదే పి0420 తిరిగొస్తుంది. ఫెడరల్ నియమం ప్రకారం వాటి పనితీరుకి ఉండే వారంటీ 25,000 మైళ్లే. కారు నాలుగేళ్లు ఉంచుకునే ఉద్దేశముంటే ఒరిజినల్ వేయించుకోండి. వచ్చే ఏడాది అమ్మేసే ఆలోచనుంటే చవకది చాలు. మాకు లాభం మొదటిదాంట్లోనే ఎక్కువ, ఆ సంగతి కూడా తెలుసుకుని నిర్ణయించుకోండి.

మోడిఫై చేసిన బళ్ల సంగతి వేరు. కార్వెట్‌కి లాంగ్ ట్యూబ్ హెడర్లు (ఇంజిన్ నుంచి పొగ తెచ్చే పొడుగాటి గొట్టాలు) వేస్తే కన్వర్టర్ ఇంజిన్‌కి దూరంగా జరుగుతుంది, వేడెక్కడం ఆలస్యమవుతుంది, కన్వర్టర్ బాగానే ఉన్నా మానిటర్ ఓ పట్టాన పూర్తి కాదు. 2002–2005 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌లో టర్బోకి ముందుండే అప్‌పైపులోనే ఒక చిన్న కన్వర్టర్, దాని దగ్గరే వేడి కొలిచే సెన్సార్ ఉంటాయి. ఆ పైపు మార్చేసి, సెన్సార్ స్థానంలో రెసిస్టర్ పెట్టిన బళ్లు చాలానే తిరుగుతున్నాయి. వెనక సెన్సార్ కింద స్పేసర్ పెట్టడం, ట్యూన్‌లో మానిటర్ ఆపేయడం, ఇవన్నీ మసిపూసి మారేడుకాయ చేయడమే. ఎమిషన్ భాగాలు తీసేయడం, పనిచేయకుండా చేయడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం షాపుకీ నిషేధమే, ఓనర్‌కీ నిషేధమే. కారు 24 ఏళ్లు దాటి టెస్టు తప్పినా ఈ చట్టం తప్పదు. ఈ పనులు మేం చేయం. పాత ఓనరు చేసినవి ఉంటే తిరిగి పెట్టిస్తాం. అలాంటి కారు కొనేముందు మాకు చూపించండి, కొన్నాక చూపిస్తే మేం చేయగలిగింది బిల్లు వేయడమే.

ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3 వాళ్లకి ఒక మాట. పి0491, పి0492 కోడ్లు వస్తే సెకండరీ ఎయిర్ పంపు కొనేయకండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే పంపు శబ్దం వినిపిస్తోందంటే పంపు బతికే ఉంది. తేడా సాధారణంగా వాల్వు దగ్గర గానీ, సిలిండర్ హెడ్‌లో కార్బన్ పట్టిన సన్నటి గాలి దారుల్లో గానీ ఉంటుంది. దారులు శుభ్రం చేయడం ఓపికతో కూడిన పని. లేబర్ ఎక్కువ, పార్టులు తక్కువ.

ఇంకోటి. ఒక్కోసారి పోర్టుకి కేబుల్ పెడితే మిషన్ ఉలకదు పలకదు. చాలా కార్లలో పోర్టుకీ, సిగరెట్ లైటర్‌కీ ఒకే ఫ్యూజు. స్టీరియో మార్చినప్పుడో, ఫోన్ ఛార్జర్ షార్ట్ అయినప్పుడో అది పోతుంది, ఎవరికీ తెలియదు. ఛార్జర్ పనిచేయట్లేదంటే ఫ్యూజు చూసుకుని రండి.

రెండుసార్లు ఫెయిలైనవాళ్లకి వేవర్లు (టెస్టు పాస్ కాకపోయినా ఇచ్చే మినహాయింపులు) ఉన్నాయి. ఏడాదికి 5,000 మైళ్ల లోపు తిరిగే కారైతే ఎమిషన్ రిపేర్లకి కనీసం 100 డాలర్లు, మామూలు కారైతే కనీసం 600 డాలర్లు ఖర్చుపెట్టినట్టు రసీదులు చూపించాలి. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) బిల్లు దీంట్లోకి రాదు, అడిగారు కాబట్టి చెబుతున్నాం.

సేఫ్టీ చెక్ చట్టంలో పోయింది గానీ, అడిగితే మేం చేస్తాం. రుసుము వేరే. తక్కువ తిరిగే కార్లలో టైర్ల గీతలు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు గట్టిపడి ఉంటుంది. టైరు పక్కగోడ మీదున్న డాట్ (DOT) కోడ్ ఆఖరి నాలుగు అంకెలు చూసుకోండి. 2315 అంటే 2015లో 23వ వారం తయారీ. అలాంటి టైర్లతో వానలో ర్యాంపు ఎక్కకండి.

రిజిస్ట్రేషన్ గడువుకి 90 రోజుల ముందు నుంచీ టెస్టు చేయించుకోవచ్చు. పాత కార్లని కనీసం ఆరు వారాల ముందు తీసుకురండి. మంగళవారం నుంచి గురువారం దాకా ఉదయం అపాయింట్‌మెంట్ ఇస్తాం, శనివారం ఈ కార్లు తీసుకోం. ట్యాంకు సగం ఉంచండి. ట్యూన్ ఉంటే ఎవరు చేశారో, ఏం మార్చారో రాసి తెండి. నెలలోపు బ్యాటరీ గానీ, కోడ్లు గానీ ముట్టుకుని ఉంటే తాళం ఇచ్చేటప్పుడే చెప్పేయండి, స్కానర్‌లో ఎలాగూ కనిపిస్తుంది.