20 లక్షల హద్దును 40 లక్షలకు పెంచండి: ఆర్థిక మంత్రి గారికి కోదాడ నుంచి ఒక లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఆర్థిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

కోదాడలో మాకు కిరాణా కొట్టు ఉంది. పన్ను ఎగ్గొట్టే దారి చూపమని ఈ లేఖ రాయడం లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో ఉన్న హద్దు చిన్న కొట్లవాళ్లను నలిపేస్తోంది, దాన్ని మార్చమని అడుగుతున్నాను.

ఇక్కడి నుంచి హైవే మీద అరగంట వెళ్తే ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట. అక్కడ సరుకులమ్మే వ్యాపారి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మాకు 20 లక్షలకే. 2019 జనవరిలో కేంద్ర, రాష్ట్రాల మంత్రులుండే జీఎస్టీ కౌన్సిల్ ఈ రెండు పరిమితులూ పెట్టి, ఏది కావాలో తేల్చుకోమని రాష్ట్రాలకే వదిలేసింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర 40 లక్షలు ఎంచుకున్నాయి. తెలంగాణ 20 దగ్గరే ఉండిపోయింది. ఆ నిర్ణయం మీ ప్రభుత్వం తీసుకున్నది కాదు. కానీ ఇప్పుడు కౌన్సిల్లో మన తరఫున మాట్లాడేది మీరు.

20 లక్షలంటే వినడానికి పెద్దగానే ఉంటుంది. రోజుకు అయిదున్నర వేల గల్లా, అంతే. చిన్న వ్యాపారికి ఖర్చులన్నీ పోను అమ్మకాల్లో 8 శాతం మిగులుతుందని ఆదాయపు పన్ను చట్టమే ఒక అంచనా వేసింది. ఆ లెక్కన ఏడాదికి లక్షా అరవై వేలు, నెలకు పదమూడు వేల చిల్లర. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా భార్యాభర్తలిద్దరూ కొట్లో నిలబడితే వచ్చేది అది. పైగా విడిగా తూచి అమ్మే బియ్యం, కందిపప్పు మీద పన్నే లేకపోయినా, పక్కన సబ్బులూ బిస్కెట్లూ కూడా అమ్ముతున్నాం కాబట్టి ఆ బియ్యం డబ్బులు కూడా 20 లక్షల లెక్కలోకే వస్తాయి.

ఒకసారి రిజిస్టరయ్యాక మూడు నెలలకోసారి అమ్మకాలు, పన్ను లెక్క చూపే రిటర్నులు, మధ్య నెలల్లో పన్ను కట్టే చలానా. ఒక్క రోజు ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, అమ్మకాలే లేకపోయినా 20. గడువు 22వ తేదీ. ఆ వారమంతా రాత్రి కొట్టు కట్టేశాక మా ఆవిడ ఊచకు గుచ్చిన కొనుగోలు బిల్లులు ఒక్కొక్కటే తీసి చదువుతుంటే నేను ఫోన్లో సరిచూస్తాను. టోకు వ్యాపారి తన రిటర్ను వేయకపోతే మేము అతనికి కట్టేసిన పన్ను మా ఖాతాలో కనిపించదు. బిల్లు చేతిలో ఉంటుంది, క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మేము కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకునే వీలు) ఉండదు. ఆ టెన్షన్‌కు తోడు అకౌంటెంట్ ఫీజు. కొట్టు ఓనరుకు జీఎస్టీ నంబరు లేకపోతే, 2024 అక్టోబరు నుంచి అద్దె మీద 18 శాతం కూడా మేమే కట్టాలి. పదివేల అద్దెకు 1,800. అందులో బియ్యం, పప్పుల అమ్మకాల వాటా మేరకు తిరిగి రాదు. రిజిస్ట్రేషన్ లేనివాడికి ఈ బాధ లేదు.

కాంపోజిషన్, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టేసే పథకం, తీసుకోవచ్చు కదా అంటారు. అందులో ఒక శాతం పన్ను గిరాకీ దగ్గర వసూలు చేయకూడదు, మా జేబులోంచి పోవాలి. కొన్న సరుకు మీద క్రెడిట్ కూడా ఉండదు.

ఖజానాకు నష్టమని అధికారులు మీకు చెప్పొచ్చు. దయచేసి ఈ లెక్క చూడండి. రిజిస్ట్రేషన్ లేని కొట్టువాడు సరుకు కొన్నప్పుడే పన్ను కట్టేస్తాడు, అది అతనికి తిరిగి రాదు. తప్పిపోయేది అతని మార్జిన్ మీద పన్ను ఒక్కటే. 30 లక్షల అమ్మకంలో పది శాతం మార్జిన్ అనుకుంటే 3 లక్షలు. 2025 సెప్టెంబరు 22 తర్వాత కిరాణా సరుకుల్లో చాలావాటికి పన్ను 5 శాతమే కాబట్టి 15 వేలు. అందులో సగం కేంద్రానిది. ఏడున్నర వేల కోసం ఒక కొట్టు మీద ఏడాది పొడవునా ఇంత లెక్కల బరువు పెట్టడం న్యాయమా?

2025 జూలైలో బెంగళూరులో యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిస్తే, కొందరు క్యూఆర్ కోడ్లు పీకేసి 'నగదు మాత్రమే' అని బోర్డులు పెట్టారు. 40 లక్షల హద్దున్న చోటే అలా జరిగింది. ఇక్కడ మేము ఫోన్‌పే స్కానర్ వైపు భయంగా చూడాల్సిన పరిస్థితి తేవద్దు.

వచ్చే కౌన్సిల్ సమావేశంలో తెలంగాణకు కూడా 40 లక్షల పరిమితి వర్తింపజేయమని అడగండి. అది వచ్చాక రిజిస్ట్రేషన్ వదులుకునే చిన్న వ్యాపారులకు ఆఖరి రిటర్ను వేయడంలో, మిగిలిన సరుకు లెక్క తేల్చడంలో సాయపడేందుకు వాణిజ్య పన్నుల శాఖ ప్రతి సర్కిల్ ఆఫీసులో ఒక మనిషిని కూర్చోబెట్టండి.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
కోదాడ, సూర్యాపేట జిల్లా