యాప్ ఎందుకు లేట్ అవుతోందంటే

అందరికీ నమస్కారమండి. మన పచ్చళ్ళ ఆర్డర్ యాప్ ఎప్పుడొస్తుందని చాలామంది అడుగుతున్నారు, ఇంకొంచెం టైం పడుతుంది, కారణం దాచకుండా చెప్తాను.

యాప్ డేటా అంతా ఫైర్‌స్టోర్ అనే గూగుల్ వాళ్ళ ఆన్‌లైన్ డేటాబేస్‌లో పెట్టాం. దాంట్లో రోజుకి 50,000 రీడ్స్ ఫ్రీ, రీడ్ అంటే అందులోంచి ఒక్క డాక్యుమెంట్, అంటే ఒక్క రికార్డు, చదవడం. యాప్ చూస్తోంది నేనూ మా తమ్ముడూ ఇద్దరమే, అయినా మీటర్ పదివేలు దాటి పోతూనే ఉంది. తమ్ముడు కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూశాడు. అక్కడ ఒక్కో ఐటమ్ ఒక్కో డాక్యుమెంట్, మన లిస్టులో పావుకేజీ ప్యాకెట్లతో సహా 140 ఉన్నాయి, అంటే యాప్ తెరిచి లిస్టు వచ్చిన ప్రతిసారీ 140 రీడ్స్. పైగా కంప్యూటర్లో డేటా పేజీ తెరిచి ఊరికే చూసుకున్నా అవి కూడా లెక్కలోకే వస్తాయి, టెస్టింగ్‌లో రోజంతా ఆ పేజీ తెరిచే ఉంటుంది కదా. యాప్ నెట్ నుంచి అరగంట దాటి తెగిపోయి మళ్ళీ కలిస్తే లిస్టు మొత్తం కొత్తగా చదివినట్టే.

ఇప్పుడు మీరందరూ వాడటం మొదలుపెడితే? 350 సార్లు తెరిస్తే చాలు, 49,000 అయిపోతాయి. ఆవకాయ రోజుల్లో అది ఒక్క సాయంత్రం పని. ఫ్రీ కోటా మళ్ళీ మొదలయ్యేది అమెరికా పసిఫిక్ టైం అర్ధరాత్రికి, మనకి మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. అంటే రాత్రి అయిపోతే మర్నాడు పొద్దున్న ఆర్డర్ పెట్టేవాళ్ళకి లిస్టే కనపడదు, నాకు అసలు భయం వేసింది ఇక్కడేనండి, ఎందుకంటే మన పెద్దవాళ్ళు ఎక్కువమంది ఆర్డర్ పెట్టేది పొద్దున్నే.

డబ్బు కట్టే ప్లాన్‌కి మారితే ఆగదు, కానీ ఆ ఖర్చు చివరికి మీ రొయ్యల పచ్చడి రేటు మీదే పడుతుంది, అది నాకు ఇష్టం లేదు. అందుకే ఐటమ్స్, రేట్లు, స్టాకు అన్నీ కలిపి ఒకే డాక్యుమెంట్‌లో పెడుతున్నాం. ఒక డాక్యుమెంట్‌కి ఒక ఎంబీ దాకా జాగా ఉంది, మన లిస్టు అందులో మూలకి కూడా రాదు. అప్పుడు ఒకసారి తెరిస్తే లిస్టుకి ఒక్క రీడే. పాత ఆర్డర్లు మాత్రం చివరి పదే కనిపిస్తాయి, ఇంకా కావాలంటే కింద నొక్కాలి.

అప్పటిదాకా ఎప్పట్లాగే వాట్సాప్‌లో పెట్టండి, ఫోన్ చేసినా రాసుకుంటాం. పార్సిళ్ళు ఎప్పట్లాగే వెళ్తున్నాయి.