డ్రాయింగ్ పీరియడ్‌ను రివిజన్‌కు వాడొద్దు

ఒకటి, రెండు తరగతుల టైంటేబుల్‌లో డ్రాయింగ్ పీరియడ్ పేరుకే ఉంటోంది, నోటి లెక్కలైతే వినిపించడమే లేదు. మా మనవరాలు రెండో తరగతి. వారానికి ఒక్క డ్రాయింగ్ క్లాసు, పరీక్షలొస్తే అదీ రివిజన్‌కే పోతుంది. వేసవి సెలవుల్లో దాన్ని ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కు తీసుకెళ్లాను. అరకిలో బెండకాయలు 18 రూపాయలు, 50 నోటు ఇచ్చాం. చిల్లరెంత రావాలే అంటే అరచేతిలో వేలితో నిలువుగా రాసుకుని, అప్పు తెచ్చుకునే చోట ఆగిపోయి బిక్కమొహం వేసింది. రోజూ అడుగుతూ పోతే మూడో వారానికి ‘రెండు వేస్తే ఇరవై, ఆపైన ముప్పై, మొత్తం ముప్పై రెండు అమ్మమ్మా’ అని కూరగాయలావిడ కంటే ముందే చెప్పింది. బొమ్మలదీ అంతే. ఆర్కే బీచ్‌లో కూర్చోబెట్టి డాల్ఫిన్ నోస్ కొండ గీయమంటే, పడవ పక్కన కొండ ఎంత పెద్దదో కళ్లు చికిలించి చూసి మరీ గీసింది. క్రేయాన్ మీద పట్టు కుదిరాక దాని అక్షరాలూ గీత దాటడం తగ్గింది. కళలను పాఠాలతో కలిపి నేర్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పనే చెప్పింది. నోటి లెక్కల కోసం వేలు పోసి అబాకస్ క్లాసులకు పంపనక్కర్లేదు. ప్రార్థన అయ్యాక రోజూ పది నిమిషాలు నోటి లెక్కలు చేయించాలి. వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు ఉంచి, వాటిని ఏ సబ్జెక్టుకూ ఇవ్వకూడదు. మండల విద్యాశాఖాధికారులు తనిఖీకి వచ్చినప్పుడు లెక్కల నోట్సుతో పాటు పిల్లల డ్రాయింగ్ పుస్తకాలూ తెరిపించి చూడాలి.

– ఒక అమ్మమ్మ, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం